మూత కింద మీగడ

"ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, అధ్యక్షులవారి వాహనమునందు శీతలద్రవము ఇంజను తైలముతో సంగమించినందున, ఆదివారం నాటి ప్రయాణము తదుపరి ఉత్తర్వుల వరకు వాయిదా వేయడమైనది."

మా బావగారు ఈ ప్రకటన చేసింది ఏ సభలోనూ కాదు, మా అక్క వంటింటి గుమ్మంలో. యావన్మంది అంటే మేం ముగ్గురం. స్టవ్ ముందు మా అక్క, హాస్టలుకు తీసుకెళ్ళే పెట్టె సర్దుకుంటున్న మేనకోడలు, ఓ మూల స్టూలు మీద కూర్చుని కాఫీ తాగుతున్న నేను. బావగారి చేతిలో ఇంజన్ ఆయిల్ పోసేచోట ఉండే మూత ఉంది. కోర్టులో సాక్ష్యం చూపించినట్టు దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకున్నారు. మూత లోపలివైపు, పాలు ఎక్కువైన కాఫీ రంగులో మీగడ కట్టి ఉంది. నేను నా కప్పులోకి ఓసారి చూసుకుని, దాన్ని కింద పెట్టేశాను.

ఆయన ఇంట్లో కూడా ఈ భాషే మాట్లాడటానికి కారణం ఆయన ఉద్యోగం. ఒక పెద్ద కార్యాలయంలో, వచ్చిన అర్జీలను ఇప్పుడే ఎందుకు తేల్చలేమో కారణాలు రాసే విభాగం ఆయనది. కాదనడానికి ఆయనకు అధికారం లేదు, ఔననడానికి ధైర్యం లేదు. ఆ రెంటికీ మధ్య "మరింత సమాచారం కోరడమైనది" అని రాయడంలో ఆయనను మించినవాడు ఆ భవనంలో లేడు. బోర్డు మీద ఆ విభాగానికి గంభీరమైన పేరే ఉంది గానీ, మేం ఇంట్లో సాకుల శాఖ అంటాం. ఆ శాఖలో తల పండిపోయిన మనిషిని వీధి సంఘం వాళ్ళు ఏకగ్రీవంగా అధ్యక్షుణ్ణి చేశారు. అప్పటి నుంచి మా అక్క కూడా వీధిలో ఏ గొడవకూ సమాధానం చెప్పక్కర్లేకుండా హాయిగా ఉంది.

ఇక వాహనం సంగతి. అదో పాత పచ్చ కారు. రోజూ పొద్దున్నే బావగారు అందులో ఆఫీసుకు బయల్దేరడమంటే చిన్న ఊరేగింపే. ముందు హారన్. ఆ తర్వాత అద్దం సర్దుకోవడం, అద్దంలో జుట్టు సర్దుకోవడం. మళ్ళీ హారన్. కారు వీధి చివర మలుపు తిరిగేదాకా అందరూ చూడాల్సిందే. సాయంత్రం అదే మలుపులోంచి తిరిగొచ్చి, గేటు దగ్గర నిలబడి ట్రాఫిక్ మీద ఉపన్యాసం ఇస్తారు.

"స్టీరింగ్ పట్టుకున్నవాడికే లోకం తెలుస్తుందోయ్" అనేవారు నాతో. "బస్సెక్కేవాళ్ళది ప్రయాణం కాదు, వేలాడటం."

నేను వేలాడేవాణ్ణే. అందుకే ఆ మాట నాకే ప్రత్యేకంగా చెప్పేవారు.

మేనకోడలికి కొండవతల ఊళ్ళో కాలేజీలో సీటు వచ్చింది. "నా కూతుర్ని నా కారులో, నేనే స్వయంగా హాస్టల్లో దింపుతాను" అని వీధి సంఘం సమావేశంలో బావగారు ప్రకటించి చప్పట్లు కొట్టించుకున్నారు. ఆ పిల్ల కూడా అక్కడ తన గదిలో ఉండబోయే అమ్మాయికి ఫోన్ చేసి, "మా నాన్నే నడుపుకుంటూ తీసుకొస్తాడు" అని మురిసిపోయింది. బట్టల దగ్గర, పుస్తకాల దగ్గర దానికి ఏ పట్టింపూ లేదు. నాన్న నడిపే కారులో హాస్టల్ గేటు దాటాలి, అంతే. ఇప్పుడు ఈ సంగమ వార్త వినేసరికి దాని చేతిలో సగం మడిచిన దుప్పటి అలాగే ఉండిపోయింది. చూసి నాకు జాలేసింది.

"అయితే బస్సులో వెళ్ళాలా నాన్నా?" అంది.

"అధ్యక్షుడి కూతురు బస్సులో వెళ్తుందా? పరిస్థితులను సమీక్షించి నిర్ణయం తీసుకుంటాం."

మా అక్క స్టవ్ తగ్గించి ఇటు తిరిగింది. "ఒరేయ్, నువ్వు చెప్పరా. దేంట్లో ఏం కలిసిందట?"

నాకు తెలిసినంతలో చెప్పాను. ఇంజన్ వేడెక్కకుండా దాని చుట్టూ తిరిగే రంగునీళ్ళు కూలెంట్. లోపల ఇనుముకి ఇనుము రాసుకోకుండా తిరిగేది ఆయిల్. ఆ దారి వేరు, ఈ దారి వేరు. ఇంజన్ పైభాగాన్ని హెడ్ అంటారు. దాని కింద పలచటి ప్యాకింగ్ ఉంటుంది. పాత కార్లలో అది పాడైతే రెండు దారులూ ఒకటైపోయి, ఆయిల్ తెల్లగా మీగడ కట్టి, ఇంజన్ మూలన పడుతుంది.

"అంటే ఇంజన్ నీళ్ళు నములుతోందన్నమాట" అంది అక్క, మొగుడి వైపు చూస్తూ. "ఎవరి దగ్గర నేర్చుకుందో."

ఇంతలో పిట్టగోడ మీదుగా ఒక తల లేచింది. అది పక్కింటాయనది. ఆయన అసలు పేరు వీధిలో అందరూ ఎప్పుడో మర్చిపోయారు. అంతా పాదచారి గారనే అంటారు. లోకంలో పొగకు, రోగాలకు, పిల్లలు మాట వినకపోవడానికి కూడా కార్లే కారణమని ఆయన సిద్ధాంతం. ఊరి చివర పార్కులో ఉదయపు నడక సంఘం వాళ్ళు ఆయనకు ఉత్తమ పాదచారి అని పతకం ఇచ్చారు. చొక్కా మార్చినా ఆ పతకం మారేది కాదు.

"విన్నాను, విన్నాను. అందుకే నడవండి బాబూ అని మొత్తుకునేది" అన్నాడు ఆయన. "నా కారు చూడండి. వెనక సందులో టార్పాలిన్ కప్పి పడేశా. ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. ఈపాటికి అందులో పిచ్చుకలు కాపురం పెట్టుంటాయి. రోజూ తెల్లారకముందే లేచి పార్కుదాకా నడుస్తా, నడిచి తిరిగొస్తా. ఇదిగో ఈ చెమటే నా పెట్రోలు."

నిజంగానే ఆయన నుదుటి మీద చెమట చుక్కలు వరసగా, ఎవరో పేర్చినట్టు ఉన్నాయి. బావగారు ఆయన వైపు జాలిగా చూశారు. నడిచేవాళ్ళంటే ఆయనకు అంతే.

*

కారును డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలన్నాను. బావగారు ఒప్పుకోలేదు. రోగం తేలిపోయింది కనక వైద్యం అనవసరమన్నారు. మా అక్క ఒక్కసారి చూసింది. ఒప్పుకున్నారు.

డాక్టరంటే మెకానిక్కే. అయితే ఆ మాట ఆయన ముందు అనకూడదు. పక్క వీధిలో ఆయన షెడ్డు మీద "పాత కార్ల ఆసుపత్రి" అని బోర్డు ఉంటుంది. తెల్లకోటు వేసుకుంటాడు. అది తెల్లదని ఆయన చెబితేనే తెలుస్తుంది. రిపేరు అన్నవాళ్ళను లోపలికి రానివ్వడు. ట్రీట్‌మెంట్ అనాలి. ఏ కారు వచ్చినా ఆయన మనసు ఆపరేషన్ మీదికే పోతుంది. ఇంతవరకు ఆయన చేతిలో ఒక్క ఇంజన్ హెడ్డూ పడలేదని, అది పడేదాకా తన చదువు పూర్తికానట్టేనని బాహాటంగా చెప్పుకుంటాడు.

స్టార్ట్ చేస్తే ఇంజన్‌కు ప్రమాదమని బావగారు పట్టుబట్టడంతో కారును తోసుకుంటూ వెళ్ళాం. తోసింది నేను. బావగారు స్టీరింగ్ దగ్గర కూర్చుని హారన్ కొట్టారు. పాదచారి గారు మాత్రం నడక వేరు, తోయడం వేరు అని చెప్పి, పక్కనే కాస్త దూరం నడిచి ధైర్యం చెప్పి వెళ్ళిపోయాడు.

డాక్టరు మూత అందుకుని వెలుతురుకి ఎదురుగా పెట్టి చూశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"హెడ్డే" అన్నాడు ఆనందంగా. "తల తీసెయ్యాల్సిందే."

బావగారి చెయ్యి గబుక్కున తన మెడ మీదికి వెళ్ళింది. ఇంజన్ తల సంగతి అని నేను సర్దిచెప్పాక కిందికి దిగింది.

"అయితే ఆదివారంలోగా కాదంటారు" అన్నారు ఆశగా.

"నెల పట్టినా పట్టొచ్చు సార్. కానీ పద్ధతి ప్రకారం పరీక్షలు చెయ్యాలి. ముందు నాలుక చూద్దాం."

నాలుకంటే ఆయిల్ ఎంతుందో చూసే పొడుగాటి కడ్డీ. దాన్ని బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ లోపలికి పెట్టి తీశాడు. నిజంగా నీళ్ళు కలిసుంటే కడ్డీకి కూడా మీగడ అంటుకోవాలట. ఆయిల్ తేనెలా నిగనిగలాడుతోంది. డాక్టరు ముఖం కాస్త వాడింది.

"ఈ ఒక్క నివేదికనే ఆధారం చేసుకోలేం" అన్నారు బావగారు.

తర్వాత కూలెంట్ డబ్బా. ఇంజన్ లోపలికి నీళ్ళు కారుతుంటే ఇక్కడ తగ్గాలి కదా. నీళ్ళు సరిగ్గా గీత మీదే ఉన్నాయి. పైన చుక్క నూనె తేలడం లేదు.

"గీత తప్పుగా గీసి ఉండొచ్చు" అన్నారు బావగారు.

తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి వెనకాల కూర్చుని ఊపిరి పరీక్ష చేశాడు. నీళ్ళు కాలుతుంటే తెల్లటి పొగ, తియ్యటి వాసన వస్తాయట. డాక్టరు ముక్కు పెట్టి పీల్చి, దగ్గి, తల అడ్డంగా ఊపాడు. మామూలు పొగే.

"తమకు జలుబేమో. మరోసారి పరిశీలించగలరు."

ఆఖరికి బీపీ చూశాడు. రేడియేటర్ మూత తీసి, అక్కడ ముల్లున్న చిన్న పంపు బిగించి గాలి కొట్టాడు. లోపల ఎక్కడ చిల్లున్నా ముల్లు మెల్లగా కిందికి దిగిపోతుంది. ముగ్గురం ముల్లు వైపే చూస్తూ నిలబడ్డాం. నా మేనకోడలి కోసం అది కదలకూడదని నేను కోరుకున్నాను. బావగారు దిగు దిగు అని పెదవులు కదుపుతున్నారు. డాక్టరు వేలితో ముల్లు మీద రెండుసార్లు తట్టి చూశాడు కూడా. అది బావగారి ఫైలులా ఉన్నచోటే ఉండిపోయింది.

డాక్టరు పూర్తిగా నీరుగారిపోయి ఓ పాత టైరు మీద చతికిలబడ్డాడు. "ఒళ్ళంతా ఆరోగ్యం సార్. మూత కింద మాత్రమే మీగడ. అసలు పేషెంట్ రోజూ ఎంత దూరం తిరుగుతుంది? ఏ పాలప్యాకెట్టుకో వీధి చివరిదాకా వెళ్ళొచ్చే బండైతే ఇది జబ్బే కాదు. ఇంజన్ బాగా వేడెక్కితే లోపలి చెమ్మ ఆవిరైపోతుంది. వేడెక్కకముందే ఆపేస్తే, ఆ చెమ్మ మూతకు పట్టుకుని, ఆయిల్‌తో కలిసి ఇలా పేరుకుంటుంది."

బావగారి ముఖంలో రంగులు మారాయి. ఒకవైపు ఇంజన్ తల, ఇంకోవైపు ఆయన తల. ఏదో ఒకటి తెగాలి. ఆయన రొమ్ము విరుచుకున్నారు.

"వీధి చివరిదాకానా? ఊరు ఈ చివరి నుంచి ఆ చివరికి. రోజూ. వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు."

డాక్టరు లేచి నిలబడ్డాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది. "అయితే ఇది ఇంతవరకు ఎవరికీ రాని జబ్బు సార్. అంత దూరం తిరిగే బండికి మీగడ కట్టడమంటే వింత. తల తీసి చూడాల్సిందే. నా పేరు పెట్టాల్సిన జబ్బు ఇది."

"తీసెయ్యండి" అన్నారు బావగారు, ఉదారంగా.

నేను ఊరుకుని ఉండాల్సింది. కానీ సగం మడిచిన ఆ దుప్పటి గుర్తొచ్చింది. "అంత పెద్ద ఆపరేషన్‌కు ముందు డాక్టరుగారు పేషెంట్ దినచర్య కళ్ళారా చూడొద్దా బావగారూ? మరింత సమాచారం కోరడమైనది అనుకోండి" అన్నాను.

తన మాటే తన మీదికి రావడంతో ఆయన కాదనలేకపోయారు. డాక్టరు కారును ఆ రాత్రికి అడ్మిట్ చేసుకున్నాడు. కదలకుండా పడుకోబెడితే నీళ్ళు బరువు కాబట్టి ఆయిల్ అడుగుకి చేరతాయని, పొద్దున అడుగు బోల్టు వదులు చేస్తే ముందు నీళ్ళే కారతాయని చెప్పాడు.

*

పొద్దున్నే డాక్టరు కారుతో సహా ఇంటి ముందుకొచ్చాడు. అడుగు బోల్టులోంచి చుక్క నీళ్ళు కూడా రాలేదని దిగులుగా చెప్పి, తెల్లకోటుతో ముందు సీట్లో కూర్చున్నాడు. నేను వెనక కూర్చున్నాను. బావగారు ఆఫీసు బట్టల్లో వచ్చి హారన్ కొట్టారు. అద్దం సర్దుకున్నారు. జుట్టు సర్దుకున్నారు. హారన్ కొట్టారు. కారు గౌరవంగా, రెండో గేరుకు మించకుండా వీధి చివరిదాకా వెళ్ళి మలుపు తిరిగింది.

మలుపు తర్వాత మూతబడిన ఓ ఫర్నిచర్ గోడౌన్ ఉంది. దాని పక్క గోడ వెంబడి వెళ్తే మెయిన్ రోడ్డు. అక్కడ లారీలు, బస్సులు, స్కూటర్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతున్నాయి. ఆ రోడ్డు కనపడగానే బావగారి చేతులు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి. కారు వేగం తగ్గింది. ఇంకా తగ్గింది. గోడౌన్ గోడ నీడలోకి జరిగి, ఎంతో అలవాటైనట్టు నున్నగా ఆగింది. ఆ నేల మీద అదే చోట పాత నూనె మరకలు బోలెడున్నాయి.

"ఆఫీసు వచ్చేసింది" అన్నారు బావగారు.

డాక్టరు కిటికీలోంచి గోడ వైపు చూశాడు. గోడ మీద "కుర్చీలు, మంచాలు, సోఫాలు" అని సగం చెరిగిన అక్షరాలు ఉన్నాయి.

"ఇదా సార్?"

"ఇది అనుబంధ కార్యాలయం. ప్రధాన కార్యాలయానికి ఇక్కడి నుంచి… రవాణా ఏర్పాట్లు ఉంటాయి."

ఇంజన్ ఆపారు. దిగారు. ఆ నిశ్శబ్దంలో గోడ అవతల నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. గోడకు అటువైపు బస్టాపు. అక్కడి నుంచి మా మేనకోడలు ఇటు తొంగిచూసింది. భుజానికి సంచి ఉంది. హాస్టలుకు కావాల్సినవేవో కొనుక్కోవడానికి బయల్దేరినట్టుంది. తండ్రిని చూసి, మమ్మల్ని గమనించకుండా, ఏదో ధ్యాసలో ఉండి నోరు జారింది.

"నాన్నా, మన బస్సు ఇంకా రాలేదు."

ఆ ఒక్క 'మన' చాలు. నీ బస్సు అంటే అడిగినట్టు ఉండేది. నా బస్సు అంటే చెప్పినట్టు ఉండేది. మన బస్సు అనేసరికి బావగారి కారు చరిత్ర మొత్తం ఆ రెండక్షరాల్లో బయటికొచ్చేసింది.

"నీకు… తెలుసా?" అన్నారు బావగారు. అది సాకుల శాఖ భాష కాదు. నేను ఆ గొంతు మొదటిసారి విన్నాను.

"నువ్వు ముందు తలుపులోంచి ఎక్కుతావు. నేను వెనక తలుపులోంచి ఎక్కుతా" అంది ఆ పిల్ల. "నువ్వెప్పుడూ కిటికీ పక్క సీటు కోసం పరిగెడతావు కదా, వెనక్కి చూడవు. చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదు. ఆదివారంలోపు మెయిన్ రోడ్డు నేర్చుకుంటావేమో అని చూస్తున్నా."

బావగారు కారు బోనెట్ మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు. నేనైతే ఇన్నేళ్ళూ విన్న వేలాడే ఉపన్యాసాలన్నీ అక్కడే తిరిగి ఒప్పజెప్పాలనుకున్నాను. కానీ ఆయన ముఖం చూస్తే మనసొప్పలేదు. తర్వాత ఆయనే చెప్పారు, ఈ కారు కొన్న కొత్తలో, ఆ మెయిన్ రోడ్డు మీద ఓ లారీ వెనక నుంచి హారన్ కొట్టిందట. అంతే. ఆ హారన్ ఆయన చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. వీధిలో ఆయన కొట్టేదంతా దానికి జవాబు.

డాక్టరుకు మాత్రం ఇవేవీ పట్టలేదు. తన పేరు పెట్టాల్సిన జబ్బు చేజారిపోయింది. "అంటే కూలెంట్ కలవలేదు" అన్నాడు ఏడుపు గొంతుతో. "తల తీసే పనే లేదు."

సాకుల శాఖ అంత తేలిగ్గా ఓడిపోదు. బావగారు తేరుకున్నారు. "ఒక్క వాహనాన్ని బట్టి తీర్మానించడం నిబంధనలకు విరుద్ధం. పోలికకు ఇంకోటి కావాలి. వీధి చివరిదాకా తిరిగే కారుకే ఇంత మీగడ ఉంటే, అస్సలు కదలని కారుకు గిన్నెడు ఉండాలి. పాదచారి గారి కారు తెరిచి చూడండి. లేకపోతే నాది జబ్బే."

*

పాదచారి గారు అప్పుడే నడక నుంచి తిరిగొచ్చి, గుమ్మంలో కూర్చుని చెమట ఆరబెట్టుకుంటున్నాడు. సంగతి చెప్పగానే గుమ్మంలోంచి లేచి సందుకు అడ్డంగా నిలబడ్డాడు.

"వద్దండీ. పిచ్చుకలు గుడ్లు పెట్టుంటాయి. జీవహింస."

"పిచ్చుకలను నేను చూసుకుంటాలే అన్నయ్యగారూ" అంటూ మా అక్క చీర చెంగు బొడ్లో దోపి, ఆయన్ని తప్పించుకుని వెళ్ళి టార్పాలిన్ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

పిచ్చుకలు లేవు. గుడ్లు లేవు. అద్దాలు తళతళలాడుతున్న కారు ఉంది. టైర్లకు తడి మట్టి అంటుకుని ఉంది. డాక్టరు బోనెట్ మీద చెయ్యి పెట్టి చటుక్కున వెనక్కి తీసుకుని వేళ్ళు ఊదుకున్నాడు.

"జ్వరంగా ఉంది" అన్నాడు.

"ఎండకు కాలి ఉంటుంది" అన్నాడు పాదచారి గారు. ఆ సందులోకి ఎండ మధ్యాహ్నం దాటితే గానీ రాదు.

మూత తీశారు. కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంది. మీగడ కాదు కదా, మరక కూడా లేదు. డాక్టరు నాలుక చూశాడు, నీళ్ళు చూశాడు, తాళం తిప్పాడు. సగం తిప్పగానే కారు పాటలా మోగింది. రోజూ ఊరి చివరిదాకా సుబ్బరంగా వేడెక్కి తిరిగొచ్చే కారని, ఇంత ఆరోగ్యమైన పేషెంట్‌ను తన ఆసుపత్రిలోకి రానివ్వనని తేల్చేశాడు.

పక్క సీట్లో తెల్ల బూట్లు, ఓ తువ్వాలు ఉన్నాయి. వాటితోపాటు పూలకుండీల మీద నీళ్ళు చిమ్మే సీసా ఒకటుంది. మా మేనకోడలు దాన్ని తీసి నొక్కితే చుక్కలు వరసగా, పేర్చినట్టు పడ్డాయి.

"అంకుల్, మీ పెట్రోలు" అంది.

పాదచారి గారు పతకాన్ని నెమ్మదిగా చొక్కా లోపలికి తోసుకున్నాడు. బావగారి ముఖం మాత్రం ఆ రోజు మొదటిసారి వెలిగింది. ఒక్క మనిషి పరువు పోతే అది అవమానం. ఇద్దరివీ పోతే సర్దుబాటు. వీధిలో అందరికంటే ఎక్కువ కారు నడిపేవాడు నడపనంటాడు, నడపలేనివాడు రోజూ హారన్ కొడతాడు. ఈ ఇద్దరి మధ్య ఇన్నేళ్ళుగా ఒక్క పిట్టగోడే అడ్డం.

ఒప్పందం మా అక్క చెప్పింది. సంతకాలు లేవు, చర్చలు లేవు.

"ఆదివారం మా పచ్చ కారు అన్నయ్యగారు నడుపుతారు. మీ ఇద్దరి సంగతీ ఈ సందు దాటదు. నడపనంటే మాత్రం ఈ నీళ్ళ సీసాను సంఘం ఆఫీసులో షోకేసులో పెట్టిస్తా. ఏవండీ, మీరు పక్కన కూర్చోండి."

"పర్యవేక్షకుడిగా" అన్నారు బావగారు.

"ఏదైతే అది."

*

ఆదివారం వీధంతా గేట్ల దగ్గర నిలబడింది. బావగారు అద్దం సర్దుకుని, జుట్టు సర్దుకుని, హారన్ కొట్టి, కూతుర్ని కొండవతలికి తీసుకెళ్తున్న తండ్రి ఎలా ఉండాలో అలా మలుపుదాకా నడిపారు. అందరూ చప్పట్లు కొట్టారు. అంతకుముందే పాదచారి గారు తెల్ల బూట్లేసుకుని, అందరికీ చెయ్యి ఊపుతూ నడకకు బయల్దేరాడు. ఆయనకూ కొట్టారు. వెనక సీట్లో అక్క, మేనకోడలు, నేను ఉన్నాం. గోడౌన్ గోడ నీడలో ఒకాయన దిగాడు, ఇంకొకాయన ఎక్కాడు.

నిజం చెప్పాలి. పాదచారి గారు బ్రహ్మాండంగా నడిపాడు. లారీలు దారిచ్చాయి. కొండదారి మలుపులు ఆయన చేతిలో మెత్తబడ్డాయి. బావగారు పక్కన కూర్చుని ప్రతి మలుపుకూ "అనుమతించడమైనది" అంటూ వచ్చారు. ఇంజన్ ఇన్నేళ్ళలో మొదటిసారి ఒళ్ళు వేడెక్కి, సంతోషంగా గొంతు మార్చుకుంది.

హాస్టల్ ఓ ఎత్తైన చోట ఉంది. కింది నుంచి గేటుదాకా తిన్నని రోడ్డు, ఒక్క మలుపూ లేదు, ఒక్క బండీ లేదు. పైన గేటు దగ్గర ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు నిలబడి ఇటే చూస్తున్నారు. మా మేనకోడలు ముందుకు వంగి పాదచారి గారి భుజం తట్టింది.

"అంకుల్, ఇక్కడ ఆపండి. మీకు నడకంటే ఇష్టం కదా. దిగండి."

ఆయన ఎత్తు వైపు చూశాడు. మా అక్క వైపు చూశాడు. దిగాడు.

"నాన్నా, నువ్వు ఇటు రా. తిన్నగా వెళ్ళడమే. లారీల్లేవు. హారన్ నువ్వు కొట్టడమే."

"సాంకేతిక కారణాల వలన…" అని మొదలుపెట్టారు బావగారు. వాక్యం పూర్తి చేయలేదు. కూతురి ముఖం చూసి, వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నారు. ఈసారి అద్దం సర్దుకోలేదు, జుట్టు సర్దుకోలేదు. మొదటి గేరు. రెండో గేరు. కారు ఎత్తు ఎక్కుతుంటే వెనక సీట్లో మేం ముందు సీట్లు పట్టుకుని కూర్చున్నాం. గేటు దాటుతుంటే ఆ పిల్ల కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "మా నాన్న" అంది ఆ అమ్మాయిలతో. అంతకంటే ఏమీ అనలేదు. మా అక్క చెంగుతో కళ్ళు తుడుచుకుని, ఏదో నలక పడిందంది.

చాలాసేపటికి పాదచారి గారు గేటు దగ్గరికి చేరుకున్నాడు. చొక్కా అంతా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చెమట ఎక్కడా వరసగా లేదు. గేటు స్తంభం పట్టుకుని రొప్పుతూ, "చెప్పాను కదండీ… నడక మంచిది" అన్నాడు. ఆ మాట నిజంగా అనుభవించి చెప్పడం ఆయనకు అదే మొదలు.

తిరిగొచ్చాక డాక్టరు మూత తీసి చూశాడు. మీగడంతా ఆవిరైపోయింది. బావగారు ఆ మూతను వీధిలో ఇంటింటికీ తీసుకెళ్ళి చూపించి, దూరప్రయాణాలు చేసేవాడి మూత ఎలా ఉంటుందో వివరించారు. వీధి సంఘం నోటీసు బోర్డు మీద కొత్త ప్రకటన వెలిసింది. "అధ్యక్షులవారి స్వయంకృషి వలన శీతలద్రవము, ఇంజను తైలము సామరస్యముగా విడిపోయినవి. కొండదారి యావత్తూ వారే నడిపినారని, ఉత్తమ పాదచారి గారు అదే సమయమున సుదీర్ఘముగా నడిచినారని తెలియజేయుటకు సంతసించుచున్నాము." కింద ఇద్దరి సంతకాలూ ఉన్నాయి.

అప్పటి నుంచి వీధిలో ఎవరైనా మాటల్లో ఇంజన్ ఊసెత్తితే చాలు, బావగారు బోనెట్ లేపి మూత తీసి చూపిస్తున్నారు. ఎప్పుడు చూసినా అద్దంలా ఉంటోంది. ఆయన మెయిన్ రోడ్డు నేర్చుకున్నారేమోనని నేను కూడా నమ్మాను, మనస్ఫూర్తిగా సంతోషించాను.

మొన్న వాళ్ళింటికి వెళ్ళేసరికి అక్క పెరట్లో బట్టలు ఉతుకుతోంది. ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన బావగారు గేటు దగ్గర నిలబడి, మెయిన్ రోడ్డు ట్రాఫిక్ ఎంత ఘోరంగా ఉందో నాకు వర్ణిస్తున్నారు. అక్క బకెట్లోంచి ఆయన తెల్ల కర్చీఫు ఒకటి పైకి తీసింది. పాలు ఎక్కువైన కాఫీ రంగులో ఉంది. ఇంకోటి తీసింది. అదీ అంతే. ఇంకోటి తీసింది.

"ఏవండీ" అని పిలిచింది అక్కడి నుంచే, వీధంతా వినేలా. "మీ కర్చీఫుల్లో కూలెంట్ కలిసింది."